అడవి అంచున కోడిగుడ్డు: గంప కింద నుంచి పిల్లల పళ్లెం దాకా

మన పిండివంటలను ఒకసారి వరుసగా తలచుకోండి. అరిసెలు, బూరెలు, బొబ్బట్లు, సున్నుండలు, కజ్జికాయలు, పూతరేకులు. వీటిలో ఒక్కదానిలోనూ కోడిగుడ్డు లేదు. పులుసుగా, వేపుడుగా, అట్టుగా మన వంటింట్లో స్థిరపడిన గుడ్డు తీపి వంటకాల జోలికి మాత్రం రాలేదు. మడి ఆచారాలే ఇందుకు కారణమని చాలామంది భావిస్తారు. అది కొంతవరకే నిజం. మిగిలిన కారణం తెలుసుకోవాలంటే ఖమ్మం నుంచి భద్రాచలం వైపు సాగే అడవి అంచు పల్లెల చరిత్రను చూడాలి. అక్కడి కోయలకు, కొండరెడ్లకు కోడిమాంసం నిషిద్ధం కాదు. ఇంటి ముందు కోడి తిరగని గూడెం అరుదు. అయినా గుడ్డు అక్కడ తరతరాలుగా నిత్యాహారం కాలేదు. కోడి ఉండీ గుడ్డు పళ్లెంలోకి ఎందుకు రాలేదన్న ప్రశ్న వంటల చరిత్రకు ఎంత ముఖ్యమో, గర్భిణుల, పసిపిల్లల ఆరోగ్యానికి అంతకంటే ముఖ్యం. ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

రెండు అడవికోళ్ల సరిహద్దు

ఈ ప్రాంతానికీ కోడికీ ఉన్న సంబంధం మనిషి వ్యవసాయం కంటే పాతది. భారతదేశంలో ప్రధానంగా రెండు రకాల అడవికోళ్లున్నాయి. ఉత్తర, తూర్పు అడవుల్లో ఎర్ర అడవికోడి ఉంటుంది. దక్షిణ, పశ్చిమ అడవుల్లో బూడిదరంగు అడవికోడి ఉంటుంది. తూర్పు వైపున ఈ రెండింటికీ స్థూలమైన హద్దు గోదావరి నదేనని పక్షి శాస్త్రవేత్తలు చెబుతారు. అంటే భద్రాచలం దగ్గర నది దాటితే ఒక జాతి కోడి రాజ్యం నుంచి మరొక జాతి రాజ్యానికి చేరుకున్నట్టే.

మన ఇంటి కోడికి మూలపురుషుడు ఎర్ర అడవికోడి. దాన్ని తొలుత మచ్చిక చేసినది ఆగ్నేయాసియా ప్రాంతంలోనని నేటి పరిశోధనలు సూచిస్తున్నాయి. 2022లో వెలువడిన ఒక విస్తృత అధ్యయనం ప్రకారం, పెంపుడు కోడిగా రూఢిగా గుర్తించదగిన అత్యంత పురాతన ఎముకలు మధ్య థాయిలాండ్‌లోని బాన్ నాన్ వట్ అనే చోట దొరికాయి. వాటి కాలం సుమారు క్రీస్తుపూర్వం 1650 నుంచి 1250 వరకు. అయితే బూడిదరంగు అడవికోడి వాటా కూడా మన పెరటి కోడిలో ఉంది. పసుపు చర్మం, పసుపు కాళ్లు ఇచ్చే జన్యువు ఈ రెండో జాతి నుంచే వచ్చిందని 2008లో శాస్త్రవేత్తలు నిరూపించారు. నేడు ప్రపంచమంతటా తినే పసుపు కాళ్ల కోళ్లన్నిటిలోనూ ఈ దక్షిణ భారతపు అడవికోడి అంశ ఉందన్నమాట.

గుడ్డు ఆహార విలువ మన పూర్వులకు తెలియనిది కాదు. చరక సంహిత సూత్రస్థానంలో హంస, చకోరం, కోడి, నెమలి, పిచ్చుక గుడ్లను బలవర్ధకాలుగా పేర్కొన్నారు. ధాతుక్షయం, దగ్గు, హృద్రోగం, గాయాల వంటి స్థితుల్లో అవి హితమని చెప్పారు. కాబట్టి గుడ్డు ఆధునికులు కనిపెట్టిన ఆహారం కాదు. అది మందుగా తెలుసు, అప్పుడప్పుడు తినే పదార్థంగానూ తెలుసు. నిత్యాహారంగా మాత్రం తెలియదు.

తింటే గుడ్డు, పొదిగిస్తే కోడి

దీనికి కారణం చిన్న లెక్కలో ఉంది. నాటుకోడి ఏడాదికి సుమారు 50 నుంచి 60 గుడ్లు పెడుతుంది. అవైనా ఏడాది పొడవునా రావు. పది, పన్నెండు గుడ్లు పెట్టాక కోడి పొదుగుకు కూర్చుంటుంది. 21 రోజులు పొదుగుతుంది. తరువాత రెండు మూడు నెలలు పిల్లలను వెంటేసుకుని తిరుగుతుంది. ఆ కాలమంతా గుడ్లు ఉండవు. ఇలా ఏడాదికి మూడు నాలుగు విడతలే. పన్నెండు గుడ్లు పొదిగిస్తే అన్నీ పిల్లలు కావు. అయిన పిల్లల్లోనూ గద్ద, ముంగిస, పాము, నక్క వాటా పోగా మిగిలేవి కొన్ని మాత్రమే.

ఈ పరిస్థితిలో ఒక గుడ్డు తినడమంటే ఒక కోడిని ముందే తినేయడం. ఆ కోడి పెద్దదైతే సంతలో అమ్మి ఉప్పు, నూనె, బట్ట కొనవచ్చు. చుట్టం వస్తే వండవచ్చు. పండగకు దేవతకు ఇవ్వవచ్చు. జబ్బు చేస్తే ఖర్చుకు పనికివస్తుంది. బ్యాంకు లేని ఊరిలో కోళ్ల గంపే పొదుపు ఖాతా, గుడ్డు అందులోని అసలు. అసలు ముట్టుకోకుండా వడ్డీ మీద బతకాలన్నది ప్రతి రైతు కుటుంబానికి తెలిసిన నీతి. గుడ్డు తినకపోవడం అజ్ఞానం కాదు, పేదరికం నేర్పిన గృహ ఆర్థికశాస్త్రం.

ఆ పొదుపు కూడా నమ్మదగినది కాదు. కొక్కెర తెగులు ఒక్కసారి వస్తే వారం పది రోజుల్లో ఊరి గంపలన్నీ ఖాళీ అవుతాయి. పశువైద్యులు దీన్నే రాణిఖేత్ వ్యాధి అంటారు. 1920ల చివరలో హిమాలయ ప్రాంతంలోని రాణిఖేత్‌లో గుర్తించడం వల్ల ఆ పేరు వచ్చింది. ఇంగ్లండులో అదే కాలంలో బయటపడిన చోటును బట్టి ప్రపంచం దాన్ని న్యూకాసిల్ వ్యాధి అని పిలుస్తుంది. దీనికి టీకా ఉంది. కానీ టీకా చల్లదనంలో ఉండాలి, సమయానికి గూడెం చేరాలి. తెగులు తరువాత మిగిలిన ఒకటి రెండు కోళ్ల గుడ్లతోనే మంద మళ్లీ పెరగాలి గనుక, ఆ రోజుల్లో గుడ్డు తినడం మరింత కష్టమవుతుంది.

దేవతకు, దొరకు

గుడ్డు కోడిగా మారాక దాని మీద తొలి హక్కు ఇంటి పిల్లలది కాదు. కోయల భూమి పండుగలో విత్తనం వేయడానికి ముందు నేలతల్లికి కోడిని సమర్పించుకోవడం ఆచారం. కొండరెడ్ల క్రతువుల్లోనూ కోడికి ప్రధాన స్థానముంది. పాపికొండల కొండరెడ్ల జీవితాన్ని ఆస్ట్రియా దేశపు మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1940ల ఆరంభంలో దగ్గరుండి పరిశీలించి, 1945లో ఒక ప్రసిద్ధ గ్రంథంగా వెలువరించారు. ఇదే అడవి పట్టులో, గోదావరికి పైన ఉన్న మేడారంలో రెండేళ్లకోసారి జరిగే సమ్మక్క సారలమ్మ జాతరలో భక్తులు బెల్లాన్ని ‘బంగారం’ అని పిలిచి మొక్కుగా చెల్లిస్తారు. కోళ్లను, మేకలను అర్పిస్తారు. బెల్లమూ కోడీ రెండూ అక్కడ పవిత్రమే. కానీ బెల్లమూ గుడ్డూ కలిసిన తీపి వంటకం ఏదీ ఆ సంప్రదాయంలో ప్రసిద్ధం కాదు. బలికి కావలసింది కోడి, గుడ్డు కాదు.

నదికి ఈవలి ఒడ్డున భద్రాద్రి రాముని గుడి ఉంది. పాల్వంచ పరగణా తహసీల్దారుగా పనిచేసిన కంచెర్ల గోపన్న 17వ శతాబ్దంలో, తానీషా పాలనా కాలంలో నిర్మించిన ఆలయమది. అక్కడి నైవేద్యంలో చక్కెర పొంగలి, లడ్డు, పులిహోర ఉంటాయి. గుడ్డుకు చోటు లేదు. ఇలా ఒకే ఊరి చుట్టూ రెండు ఆహార లోకాలు పక్కపక్కన నడిచాయి. ఒకదానిలో తీపి ఉంది, గుడ్డు లేదు. మరొకదానిలో కోడి ఉంది, తీపికి చక్కెర లేదు. అడవి పల్లెల్లో తీపి అంటే తేనె, ఇప్పపువ్వు, పండిన తునికి, సంతలో కొన్న బెల్లం.

దేవత తరువాత దొర వంతు. భద్రాచలం ప్రాంతం చేతులు మారిన తీరు విచిత్రమైనది. 1860లో నిజాం నుంచి ఆంగ్లేయుల చేతికి వెళ్లి మధ్య పరగణాల్లోని ఎగువ గోదావరి జిల్లాలో చేరింది. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మార్చారు. నది అవతలి ఖమ్మం వైపు నిజాం రాజ్యంలోనే ఉండిపోయింది. వరంగల్లు నుంచి విడిపోయి ఖమ్మం జిల్లా 1953 అక్టోబరు 1న ఏర్పడింది. భద్రాచలం 1959లో తూర్పు గోదావరి నుంచి వచ్చి అందులో కలిసింది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వెలిసింది. పాలకులు మారినా, ఊరికి వచ్చిన అధికారికి కోడి ఇవ్వవలసి రావడం చాలాకాలం మారలేదు. నిజాం రాజ్యపు వెట్టిలో మనిషి శ్రమతో పాటు కోళ్లు, గొర్రెలు, కట్టెలు, గడ్డి కూడా ఉచితంగా ఇవ్వవలసినవే. ఇంట్లో పసిబిడ్డకు పెట్టని గుడ్డు పొదిగి, పెరిగి, చివరికి విడిది బంగళా వంటశాలకు చేరేది.

తీపి ఎక్కడ పుట్టింది

గుడ్డుతో తీపి వండిన సమాజాలను పరిశీలిస్తే ఒక సామాన్య లక్షణం కనిపిస్తుంది. అన్నిచోట్లా గుడ్లు మిగిలాయి. పోర్చుగల్ దేశపు కన్యాశ్రమాల్లో తెల్లసొనను బట్టలకు గంజిగా, ద్రాక్షసారాయిని తేటపరచడానికి వాడేవారని చెబుతారు. మిగిలిన పచ్చసొనకు చక్కెర కలిపి సన్యాసినులు పదుల రకాల మిఠాయిలు తయారు చేశారు. పచ్చసొనను సన్నని దారాలుగా మరుగుతున్న చక్కెర పాకంలోకి జార్చి తీసే మిఠాయి ఒకటి అక్కడ ప్రసిద్ధం. అదే రీతి వంటకం థాయిలాండ్‌లో ‘ఫొయ్ థొంగ్’ పేరుతో ఉంది. 17వ శతాబ్దపు అయుత్తయ రాజధానిలో నివసించిన మరియా గుయోమార్ అనే స్త్రీ ఇటువంటి మిఠాయిలను అక్కడ ప్రచారంలోకి తెచ్చిందని థాయి ప్రజలు చెప్పుకుంటారు. మన మలబారు ముస్లిముల ఇళ్లలో అదే పద్ధతిలో ‘ముట్టమాల’ చేస్తారు. మలయాళంలో ముట్ట అంటే గుడ్డు. గుడ్డు మాల అన్నమాట. దాని కోసం పచ్చసొన వాడగా మిగిలే తెల్లసొనను పారేయకుండా ఆవిరి మీద ‘పిన్నాణత్తప్పం’ అనే మరో తీపిగా వండుతారు. గోవాలో పచ్చసొన, కొబ్బరిపాలు కలిపి పొరలు పొరలుగా కాల్చే ‘బెబింకా’ కూడా ఈ కుటుంబానిదే. ఇవన్నీ సముద్ర వ్యాపారం, సంపన్న గృహాలు, చక్కెర నిల్వలు ఉన్న చోట్ల పుట్టిన వంటలు.

తెలుగు నేల మీద ఆ స్థితి హైదరాబాదులో ఉంది. అక్కడి ముస్లిం ఇళ్లలో గుడ్డు హల్వా చేస్తారు. కోవా, బాదం, కుంకుమపువ్వు, నెయ్యి కలిపి కాల్చే ‘అండే కీ పియోసీ’ నేటికీ పాతబస్తీలో దొరుకుతుంది. ఇక బ్రిటిషు పాలనలో దేశమంతటా ఉన్న డాక్ బంగళాల్లో వంటవాడి చేతికి ఎప్పుడూ అందుబాటులో ఉండేవి కోడి, గుడ్డు, పాలు. అందువల్ల ఆమ్లెట్టు, కోడికూర, చివరగా గుడ్డు పాల పుడ్డింగు అక్కడి మామూలు భోజనమయ్యాయి. ప్రయాణంలో ఉన్న అధికారికి గుడ్డు మిగులు వస్తువు, ఎందుకంటే దాన్ని పొదిగించవలసిన అవసరం అతనికి లేదు. ఆ గుడ్డు ఇచ్చిన గూడేనికి ఆ అవసరం ఉంది. ఒకే గుడ్డు ఒకచోట తీపి వంటకం కావడానికి, మరొకచోట ముట్టరాని అసలుగా ఉండిపోవడానికి తేడా ఇదే.

పిల్ల కాలేని గుడ్డు

ఈ లెక్కను మార్చింది ఫారం కోడి. ఇటలీ రేవుపట్టణం లివోర్నో పేరు మీదుగా లెగ్‌హార్న్ అని పిలిచే తెల్లని కోడి జాతిని, పొదిగే గుణం దాదాపు పోయేటంతగా, తరతరాల ఎంపికతో మార్చారు. అది పొదుగుకు కూర్చోదు గనుక విరామం లేకుండా ఏడాదికి 300 వరకు గుడ్లు పెడుతుంది. పుంజు లేని ఫారంలో పెట్టిన ఆ గుడ్డు ఎంత పొదిగినా పిల్ల కాదు. మానవ చరిత్రలో తొలిసారిగా, తింటే కోడి నష్టం కాని గుడ్డు సామాన్యుడికి అందింది.

డాక్టర్ బి.వి.రావు చొరవతో 1982లో జాతీయ గుడ్ల సమన్వయ సంఘం ఏర్పడి, రైతులే రోజువారీ గుడ్డు ధరను ప్రకటించే పద్ధతి మొదలైంది. హైదరాబాదు చుట్టుపక్కల, అటు గోదావరి జిల్లాల్లో అనపర్తి, తణుకు ప్రాంతాల్లో గుడ్ల ఫారాలు విస్తరించాయి. అట్టల ట్రేలలో గుడ్లు లారీలెక్కి ఏజెన్సీ సంతలకూ చేరాయి. అలా నాటుకోడి ఇంటి పొదుపుగానే ఉండిపోగా, దుకాణపు గుడ్డు కూరలోకి వచ్చింది.

బేకరీ కూడా బయటి నుంచి వచ్చినదే. ఇల్లందు ప్రాంతంలో 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. గనులతో పాటు రైలు, నెల జీతం వచ్చాయి. కొత్తగూడెం రైల్వేస్టేషన్‌కు నేటికీ భద్రాచలం రోడ్ అనే పేరు. నెల జీతం, రైలు ఉన్న చోట పుట్టినరోజు కేకుకూ గిరాకీ ఉంటుంది. ఇటీవల ఈ కథ మరో మలుపు తిరిగింది. భద్రాచలం ప్రాంతపు గిరిజన మహిళలు చిరుధాన్యాలతో ‘భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్’ పేరిట బిస్కట్లు తయారు చేసి అమ్ముతున్నారు. 2025 జూన్‌లో ప్రధానమంత్రి ‘మన్ కీ బాత్’ ప్రసంగంలో వీరి కృషిని ప్రస్తావించారు. కాల్చిన తినుబండారం అడవి అంచుకు బయటి నుంచి రావడమే కాదు, అక్కడి నుంచి బయటికి పోవడమూ మొదలైంది.

అంగన్‌వాడీ గుడ్డు

గుడ్డు చవకైనా అది ఎవరి నోటికి చేరుతుందన్నది వేరే ప్రశ్న. దీనికి ప్రభుత్వ పథకాలు సమాధానం వెతికాయి. బడిలో వండిన భోజనం పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకం అమలులోకి వచ్చింది. తరువాత గుడ్డు దానిలో భాగమైంది. గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీ కేంద్రంలోనే ఒక పూట సంపూర్ణ భోజనం పెట్టే ‘అమృతహస్తం’ 2013లో మొదలైంది. తెలంగాణ ఏర్పడ్డాక 2015 జనవరి 1 నుంచి అది ‘ఆరోగ్యలక్ష్మి’ అయింది. అన్నం, ఆకుకూర పప్పు, ఒక గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఆ భోజనంలో ఉంటాయి. ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు బాలామృతం పొడితో పాటు నెలకు 16 గుడ్లు ఇస్తారు.

కేంద్రంలోనే కూర్చుని తినాలన్న నియమం వెనుక పాత అనుభవం ఉంది. ఇంటికి ఇచ్చిన గుడ్డు ఇంటిల్లిపాదికీ పంచుకోబడుతుంది. భర్తకు, అత్తమామలకు, పెద్ద పిల్లలకు పోగా గర్భిణికి మిగిలేది పులుసు. ఆమెను తప్పుపట్టలేము. పంచుకోకుండా తినడం మన ఇళ్లలో స్త్రీకి ఎవరూ నేర్పలేదు. దానికి తోడు గుడ్డు వేడి చేస్తుందని, బిడ్డ లావైతే కాన్పు కష్టమని చెప్పే మాటలున్నాయి. వీటికి శాస్త్రాధారం లేదు. వాగులు పొంగే వర్షాకాలంలో కేంద్రానికి నడిచి రాలేని గూడేల సమస్య కూడా ఉంది. అందుచేత గుడ్డు అంగన్‌వాడీకి చేరడంతో కథ ముగియదు.

శాస్త్రం చెప్పేది

50 గ్రాముల గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు, 5 గ్రాముల కొవ్వు, 70 కిలోకేలరీల శక్తి ఉంటాయి. మన శరీరం సొంతంగా తయారు చేసుకోలేని అమైనో ఆమ్లాలన్నీ తగిన పాళ్లలో ఉండటం వల్ల, ఇతర ఆహారాల మాంసకృత్తుల నాణ్యతను పోల్చడానికి పోషకాహార శాస్త్రవేత్తలు గుడ్డునే కొలబద్దగా వాడేవారు. పచ్చసొనలో విటమిన్ ఏ, డి, బి12, కోలిన్ ఉంటాయి. విటమిన్ సి ఉండదు. ఇనుము ఉన్నా అది శరీరానికి బాగా అందదు. కాబట్టి రక్తహీనత ఉన్న గర్భిణి గుడ్డు తింటున్నానని ఐరన్ మాత్రలు మానకూడదు. ఆకుకూర, నిమ్మ, ఉసిరి కూడా భోజనంలో ఉండాలి.

గుడ్డు పిల్లల ఎదుగుదలకు ఎంత సాయపడుతుంది? 2017లో ప్రచురితమైన ఈక్వడార్ అధ్యయనంలో 6 నుంచి 9 నెలల వయసు పిల్లలకు ఆరు నెలలపాటు రోజుకో గుడ్డు పెట్టారు. వారిలో వయసుకు తగిన ఎత్తు లేకపోవడం 47 శాతం తగ్గింది. అయితే 2019లో మలావీ దేశంలో ఇదే తరహా అధ్యయనం చేసినప్పుడు ఎత్తులో తేడా కనిపించలేదు. అక్కడి పిల్లలు అప్పటికే చేపలు తింటుండటం ఒక కారణం కావచ్చని పరిశోధకులు భావించారు. దీన్నిబట్టి గుడ్డు మంత్రదండం కాదు. మాంసం, చేప, పాలు తక్కువగా దొరికే ఇంట్లో దాని విలువ ఎక్కువ. 6 నుంచి 23 నెలల పిల్లల ఆహారంలో మాంసం, చేప లేదా గుడ్డు ప్రతిరోజూ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాల్లో సూచించింది.

పెద్దలను భయపెట్టిన మాట కొలెస్ట్రాల్. 1968లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వారానికి మూడు పచ్చసొనలకు మించవద్దని చెప్పింది. ఆ భయం మన దేశానికీ పాకింది. 2015లో అమెరికా ఆహార మార్గదర్శకాలు రోజుకు 300 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ పరిమితిని తొలగించాయి. ఆరోగ్యవంతులకు రోజుకో గుడ్డు ఆందోళన కలిగించే విషయం కాదు. మధుమేహం, గుండెజబ్బు ఉన్నవారు, రక్తంలో కొలెస్ట్రాల్ వంశపారంపర్యంగా అధికంగా ఉన్నవారు తమ వైద్యుని సలహా మేరకు తినాలి.

పచ్చి గుడ్డు బలమన్న నమ్మకం మాత్రం వదలాలి. పచ్చి తెల్లసొనలో అవిడిన్ అనే పదార్థం బయోటిన్ విటమిన్‌ను పట్టి ఉంచి శరీరానికి అందనివ్వదు. పచ్చి తెల్లసొన వల్ల కలిగే హానిని 1927లోనే ఎలుకల మీద ప్రయోగాల్లో గుర్తించారు. ఉడికిస్తే ఆ దోషం పోతుంది. సాల్మొనెల్లా క్రిముల ప్రమాదం కూడా ఉడికించడం వల్లే తొలగుతుంది.

ఇంట్లో చేసుకోదగినవి

రోజూ ఉడికించిన గుడ్డే పెడితే పిల్లలు మొహం తిప్పుకుంటారు. ఓవెన్ లేని ఇంట్లోనూ చేయగలిగిన మూడు సులభమైన వంటకాలు ఇవి.

మొదటిది రాగి గుడ్డు తీపి అట్టు. ఒక కప్పు రాగిపిండి, రెండు గుడ్లు, మూడు చెంచాల బెల్లం తురుము, కొద్దిగా పచ్చికొబ్బరి, చిటికెడు ఉప్పు, తగినన్ని నీళ్లు కలిపి చిక్కని జారుగా చేసుకోవాలి. పెనం మీద చిన్న మంటపై మూతపెట్టి రెండు వైపులా కాల్చాలి. రాగి, జొన్న పిండికి గోధుమపిండిలా సాగే జిగురు లేదు. వేడికి గట్టిపడే గుడ్డు ఆ లోటు తీర్చి అట్టు విరగకుండా పట్టి ఉంచుతుంది. చిరుధాన్యాల ప్రాంతానికి ఇది ఎంతో అనువైన కలయిక.

రెండోది ఆవిరి పుడ్డింగు. రెండు గుడ్లు గిలకొట్టి, కాచి చల్లార్చిన ఒక గ్లాసు పాలు, రెండు చెంచాల చక్కెర, యాలకుల పొడి కలిపి వడగట్టాలి. గిన్నెలో పోసి మూతపెట్టి ఇడ్లీపాత్రలో చిన్న మంట మీద 20 నుంచి 25 నిమిషాలు ఉడికించాలి. మంట పెంచితే పుడ్డింగు గుల్లలుగా విరిగి నీరూరుతుంది. ఇందులో బెల్లం వాడితే పాలు విరిగే అవకాశముంది గనుక చక్కెరే మేలు. పళ్లు లేని వృద్ధులకు, జ్వరం తగ్గి కోలుకుంటున్నవారికి ఇది తేలికైన ఆహారం.

మూడోది గుడ్డు హల్వా. నాలుగు గుడ్లు, అర కప్పు చక్కెర, అర కప్పు పాలపొడి బాగా గిలకొట్టి, రెండు మూడు చెంచాల నెయ్యిలో సన్నని మంట మీద ఆపకుండా కలుపుతూ రవ్వలా విడివడే వరకు ఉడికించాలి. ఇది పండగ రోజు వంటకం. మధుమేహం ఉన్నవారికి తగదు.

ఏడాది లోపు పిల్లలకు ఈ తీపి వంటకాలు వద్దు. చక్కెర, ఉప్పు వేయకుండా గట్టిగా ఉడికించిన గుడ్డును మెత్తగా మెదిపి, ఆరు నెలలు నిండాక కొద్దికొద్దిగా మొదలుపెట్టాలి. దద్దుర్లు, వాంతులు, ఆయాసం కనిపిస్తే ఆపి వైద్యునికి చూపించాలి. గుడ్డును నీటిలో వేసినప్పుడు పైకి తేలితే అది పాతదని గుర్తు, వాడకపోవడం మంచిది. శాకాహార నియమం ఉన్నవారు పాలు, పెరుగు, పప్పులు, వేరుశనగ, నువ్వులతో మాంసకృత్తుల లోటు తీర్చుకోవచ్చు.

పెరటి కోడికి కూడా మేలైన దారి ఉంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పల్లెల కోసం రూపొందించిన వనరాజా, గ్రామప్రియ రకాలు నాటుకోడి కంటే ఎక్కువ గుడ్లు పెడతాయి, పెరట్లో తిరిగి బతుకుతాయి. కొక్కెర తెగులు టీకా సమయానికి వేయిస్తే ఇంటి పొదుపు నిలుస్తుంది, పళ్లెంలోకీ గుడ్డు వస్తుంది.

వేల ఏళ్లుగా కోడితో కలిసి బతికిన ఈ అడవి అంచున గుడ్డు మొదట మందకు, తరువాత దేవతకు, ఆపైన అధికారికి చెందింది. గర్భిణికి, పసిబిడ్డకు అది తమదిగా దక్కి పట్టుమని పాతికేళ్లు కాలేదు. ఇంత ఆలస్యంగా వచ్చిన హక్కు మూకుడులో పంపకాలకు పోకూడదు. మీ ఇంట్లో గానీ, మీ ఊరి అంగన్‌వాడీలో గానీ గర్భిణి ఉంటే ఆమె గుడ్డు ఆమే తినేటట్టు చూడండి. మొదటి ముద్ద ఇంటి పెద్దకు పెట్టే ఆచారం మనది. ఆ ఒక్క గుడ్డు విషయంలో మాత్రం మొదటి ముద్ద కడుపుతో ఉన్న కోడలిది, ఇంకా మాటలు రాని మనవరాలిది.